లండన్‌లో కరెంటు పోయిన రాత్రి

క్రాయ్‌డన్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ముందు తిట్టేసెయ్, తర్వాత చదువు. నీ ఉత్తరం సంక్రాంతికి చేరింది, జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఈలోపు మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఆగిపోయింది. ఈసారి ఆగదు. చెప్పాల్సిన సంగతి ఒకటి వారం రోజులుగా గొంతులో కూర్చుంది, నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, నేను దారి తప్పుతాను. కాగితం మీద అయితే చివరిదాకా నువ్వు వినాల్సిందే.

మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాలు పర్వాలేదు, మెట్లు ఎక్కుతోంది. పెద్దదానికి పరీక్షలు, ఇంట్లో అందరికీ టెన్షన్. చిన్నాడు తెలుగు మానేశాడు, మళ్లీ మొదలుపెట్టిస్తాను. కౌలు సంగతి అన్నయ్యతో మాట్లాడి రాస్తాను. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మా పక్కింటి బామ్మగారి గురించి నీకు చెప్పాను కదా, మనవాళ్లెవరూ కాదు, పుట్టిన దగ్గర్నుంచీ ఈ చుట్టుపక్కలే ఉన్న ఇంగ్లీషావిడ. మా పిల్లలు బామ్మా అని పిలుస్తారు, ఆవిడకీ ఆ పిలుపు ఇష్టం. మొన్న శనివారం ఆవిణ్ని కూడా ఎక్కించుకుని బాటర్సీ వెళ్లాం. థేమ్స్ ఒడ్డున నాలుగు తెల్లటి పొగగొట్టాలతో పెద్ద ఇటుకల కట్టడం ఉంటుంది, ఫొటోల్లో చూసే ఉంటావు. బొగ్గు మండించి లండన్‌కి కరెంటు ఇచ్చిన స్టేషన్ అది. 1983లో మూసేశారు, ఏళ్లతరబడి పాడుబడి ఉండి, 2022లో షాపింగ్ మాల్‌గా తెరిచారు. మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బట్టల కొట్లూ కాఫీ హోటళ్లూ పెడితే ఎలా ఉంటుందో ఊహించుకో, అలా ఉంది. ఒక పొగగొట్టంలోంచి లిఫ్టులో పైకి కూడా తీసుకెళ్తారు. పిల్లలు దానికోసం లాక్కెళ్తున్నారు, బామ్మగారు మాత్రం బయటే ఆగిపోయి ఆ గొట్టాలకేసి చూస్తూ నిలబడ్డారు. కాళ్లు నొప్పేమో అనుకున్నాను. ఆవిడ మెల్లగా అన్నారు, "ఇదే మా నాన్న ఎదురుచూసిన సాయంత్రాన్ని పాడుచేసింది."

ఎవరైనా పోయారేమో అని భయం వేసింది. కాదట. కరెంటు పోయిందట! టీవీ చూద్దామని కూర్చున్నప్పుడు కరెంటు పోయిందట! ఒరేయ్, ఆ మాట వినగానే నాకు ఒళ్లంతా ఒకలా అయిపోయింది. నాకెవరు గుర్తొచ్చి ఉంటారో నీకు చెప్పక్కర్లేదు. దానికి తర్వాత వస్తాను, ముందు ఆవిడ సంగతి పూర్తిగా విను.

1964. ఏప్రిల్ 20, సోమవారం. మన నెహ్రూ గారు ఇంకా ఉన్నారు, తర్వాతి నెలలో పోయారు. ఇక్కడ అప్పటికి టీవీలో రెండే చానళ్లు, ఒకటి బీబీసీ, రెండోది ప్రకటనలు వేసే ఐటీవీ. మూడోది ఎవరికివ్వాలి అని చాలా చర్చ జరిగి, 1962లో పిల్కింగ్టన్ కమిటీ అని ఒకటి బీబీసీకే ఇమ్మని చెప్పింది. అలా వచ్చిందే బీబీసీ టూ. ఇది వస్తోంది కాబట్టే పాత బీబీసీకి బీబీసీ వన్ అని పేరు పడింది. తమ్ముడు పుడితేనే కదా అన్న అన్నయ్యేది.

అయితే కొత్త చానల్ పాత టీవీలో రాదు. పాత బొమ్మ 405 గీతలది, కొత్తది 625 గీతలది. సిగ్నల్ కూడా వేరు, దానికి వేరే యాంటెన్నా కావాలి. (మన దూరదర్శన్ బొమ్మ కూడా 625 గీతలదే. నువ్వు టీవీకి ముక్కు ఆనించి లెక్కపెట్టబోయి మీ అమ్మ చేత తిట్లు తిన్న గీతలు అవే!) పైగా మొదట్లో అది లండన్ చుట్టుపక్కల వాళ్లకే, క్రిస్టల్ ప్యాలెస్ టవర్ నుంచి వచ్చేది. ఆ టవర్ మా వీధి చివర నుంచి ఇప్పటికీ కనిపిస్తుంది, 219 మీటర్లు. రోజూ దాన్ని చూస్తూనే రైలెక్కుతున్నాను, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాని గురించి ఆలోచించలేదు.

బామ్మగారి నాన్నగారు బస్సు కండక్టరు. అప్పట్లో ఇక్కడ చాలామంది టీవీ కొనేవారు కాదు, వారానికింత అని అద్దె కట్టేవారు. ఆయన పాత సెట్టు తిరిగిచ్చేసి, రెండు రకాల సిగ్నలూ పట్టే కొత్త సెట్టు తెచ్చారు. దానికో మీట, తిప్పితే టక్కుమని పెద్ద చప్పుడయ్యేదట, 405 నుంచి 625కి మారడానికి. అప్పటికి ఆవిడకి తొమ్మిదేళ్లు, తమ్ముడికి నాలుగు. ఆ మీట తమ్ముడు ముట్టుకోకూడదని ఇంట్లో రూలు. వాళ్ల నాన్న ఆదివారమంతా యాంటెన్నాతోనే ఉన్నారట. ఆవిడ కిటికీలోంచి "వస్తోంది", "పోయింది" అని అరవడం, ఆయన పైనుంచి "ఇప్పుడో?" అనడం. ఈ ముక్క చెప్తుంటే నేను రోడ్డు మీదే నవ్వేశాను. ఆవిడ ఎందుకు నవ్వుతున్నావని అడిగారు. ఏం చెప్పను? మీ డాబా మీద నువ్వు, కింద నేను, మధ్యలో కొబ్బరిచిప్ప. ఆ కొబ్బరిచిప్ప సంగతి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు బావా, వదిలేశాను.

ఆ రాత్రికి ఏమేం ఉన్నాయో ఆవిడకి నోటికి వచ్చు, ఎందుకంటే వాళ్ల అమ్మ పత్రికలో ఆ పేజీ మడిచి పొయ్యి పైన అరలో పెట్టిందట. ఏడూ ఇరవైకి మొదలు. ముందు డెనిస్ టుయీ అని బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన కుర్రాడు కనబడి ఏమేం రాబోతున్నాయో చెప్పాలి. తర్వాత ఆల్బర్ట్స్ అనే హాస్య బృందం. ఎనిమిదింటికి "కిస్ మీ కేట్" అనే సంగీత నాటకం, హోవర్డ్ కీల్, ప్యాట్రీషియా మోరిసన్ నటించింది. అది అమ్మ కోసం. ఆ తర్వాత లెనిన్‌గ్రాడ్ హాస్యనటుడు అర్కాది రైకిన్. రష్యాకీ వీళ్లకీ పడని రోజుల్లో ఒక రష్యన్ నవ్విస్తాడట, అది నాన్న కోసం. చివర్లో సౌత్ఎండ్ రేవు మీద బాణసంచా, అది పిల్లల కోసం. సౌత్ఎండ్ రేవు అంటే సముద్రంలోకి రెండు కిలోమీటర్లు పైగా పోయే వంతెనలాంటిది, దాని మీద చిన్న రైలు కూడా ఉంది. అంతకుముందు ఎండాకాలం వాళ్లు ఆ రైలెక్కారట. ఆ బాణసంచా కోసం బాగా పొద్దుపోయేదాకా మేలుకోవచ్చని పిల్లలకి పర్మిషన్ దొరికింది. జీవితంలో మొదటిసారి! నువ్వే చెప్పు, తొమ్మిదేళ్ల పిల్లకి అంతకంటే ఏం కావాలి.

సాయంత్రం ఆరూ ముప్పావుకి బాటర్సీ స్టేషన్లో మంటలు. లండన్‌లో పడమటి వైపు, నడిమధ్య చాలా భాగం చీకటైపోయింది. బీబీసీ టెలివిజన్ సెంటర్ ఉండేది ఆ పడమటి వైపే, షెపర్డ్స్ బుష్‌లో. కట్టి నాలుగేళ్లు కాలేదు, అన్ని స్టూడియోలు, అన్ని కెమెరాలు, ఒక్కటీ వెలగలేదు. కొత్త చానల్ పెద్ద మైకేల్ పీకాక్ అక్కడే ఉన్నాడు, అందరూ కొవ్వొత్తులు పట్టుకుని తిరిగారట. ఇంకో చిత్రం విను. ఈ చానల్ ప్రచారానికి తల్లి కంగారూ, దాని సంచిలో పిల్ల కంగారూ బొమ్మలు వాడారు, తల్లి పేరు హల్లబలూ, పిల్ల పేరు కస్టర్డ్. ఆ సాయంత్రం కోసం నిజం కంగారూని కూడా తీసుకొచ్చారని, కరెంటు పోయేసరికి అది లిఫ్టులో ఇరుక్కుపోయిందని అక్కడ పనిచేసినవాళ్లు చెప్పుకున్నారు. కంగారూకి కంగారు! ఈ మాట నీకోసమే దాచాను, ఇక్కడ ఎవరికి చెప్పినా నవ్వరు.

ఇప్పుడు వస్తుంది నన్ను పట్టుకున్న ముక్క. నెమ్మదిగా చదువు.

బామ్మగారి ఇంట్లో కరెంటు పోలేదు.

అర్థమైందా? వాళ్ల ఇల్లు దక్షిణం వైపు. దీపాలు వెలుగుతున్నాయి, కొత్త టీవీ వెలుగుతోంది, మీట టక్కుమంది, క్రిస్టల్ ప్యాలెస్ టవర్ పనిచేస్తూనే ఉంది. టీవీలో చూపించాల్సినవాళ్ల దగ్గర కరెంటు లేదు! మనకి ఎప్పుడూ దానికి తిరగబడి కదరా. ఢిల్లీలో రాముడు విల్లు ఎక్కుపెడుతూనే ఉంటాడు, మన ఊళ్లో ఫ్యూజు పోతుంది. వాళ్లకి ఇల్లంతా వెలుగు, అవతల చీకటి. మనకి అవతల వెలుగు, ఇల్లంతా చీకటి. శనివారం నుంచీ నాకిదే తిరుగుతోంది బుర్రలో. రెండిట్లో ఏది ఎక్కువ బాధ అని ఆవిణ్ని అడిగాను కూడా. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "మీకైతే తిట్టడానికి ఒక మనిషి ఉన్నాడు" అన్నారు. నిజమే కదా! మన లైన్‌మన్ బాబాయిని ఎన్ని తిట్లు తిట్టాం, పాపం ఆయన సైకిలు మీద చెమటలు కక్కుకుంటూ వచ్చేవాడు.

మరి ఆ రాత్రి ఏం కనబడింది? లండన్‌కి ఉత్తరాన కొండ మీద అలెగ్జాండ్రా ప్యాలెస్ ఉంది, బీబీసీ 1936లో టీవీ మొదలుపెట్టింది అక్కడి నుంచే. 1964 నాటికి అది పాతబడి వార్తల విభాగం మాత్రం మిగిలింది. అక్కడ కరెంటు ఉంది. కొత్త భవనం చీకట్లో ఉంటే ముసలి ఇల్లు ఆదుకుంది. అక్కడ వార్తల బల్ల దగ్గర జెరాల్డ్ ప్రీస్ట్‌లాండ్ అనే విలేకరి కూర్చుని, వార్తలు చదువుతూ, క్షమాపణలు చెప్తూ ఆ రాత్రిని మోశాడు. ఈయన ఎవరనుకున్నావు? 1954లో బీబీసీ తరఫున ఢిల్లీకి విలేకరిగా వచ్చిన మనిషి! మన దేశంలో ఏళ్లు గడిపినవాడు. కరెంటు పోతే గాభరా పడకూడదని ఢిల్లీలోనే నేర్చుకుని ఉంటాడని నాకు గట్టి నమ్మకం. ఆధారం లేదు, కానీ నమ్మకం.

ఆ రాత్రి రికార్డింగ్ ఏదీ మిగల్లేదని చాలాకాలం అనుకున్నారట. 2003లో ఒక టేపు దొరికింది. ఆదివారం, అంటే పోయిన ఆదివారం, బామ్మగారిని మా ఇంటికి పిలిచి ఆ ముక్క చూపించాను. అదే ఆవిడ మళ్లీ చూడటం, అరవై ఏళ్లు దాటిపోయాక. బూడిద రంగు బొమ్మ, సూటు వేసుకున్న మనిషి, మర్యాదగా చెప్తున్నాడు. ఆవిడ టీవీకేసి చూడటం లేదు బావా. మా సోఫా పక్కన ఖాళీగా ఉన్న కుర్చీకేసి చూస్తున్నారు. నేనూ మా ఆవిడా ఏం మాట్లాడలేదు.

తర్వాత ఆవిడే చెప్పారు. నాన్న ఆ రాత్రి టీవీ ఆపనివ్వలేదట. "ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది" అంటూనే కూర్చున్నారట. అమ్మ నాటకం కోసం వేసుకున్న మంచి గౌను మార్చుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. తమ్ముడు నేల మీదే నిద్రపోయాడు. ఆవిడ మాత్రం నాన్న పక్కనే. పదయ్యాక ఆయన లేచి, ఏం మాట్లాడకుండా ఆ మీటని 625 నుంచి 405కి తిప్పారట, టక్ మని. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉందన్నారు.

మర్నాడు మంగళవారం. నాన్న డ్యూటీకి, ఆవిడ బడికి. పొద్దున పదకొండింటికి బీబీసీ టూ లేచింది, మొట్టమొదటి కార్యక్రమం ఏమిటో తెలుసా? అంత అట్టహాసం కోసం చూస్తే, చంటిపిల్లల కార్యక్రమం! ప్లే స్కూల్ అని, వర్జీనియా స్ట్రైడ్, గోర్డన్ రోలింగ్స్ అని ఇద్దరు ఆడుతూ పాడుతూ చెప్పేది. తర్వాత 1988 దాకా నడిచింది. ఆ పదకొండింటికి ఇంట్లో ఉన్నది ఎవరు? నాలుగేళ్ల తమ్ముడు! ముట్టుకోకూడని మీట వాడి కోసం అమ్మే తిప్పింది. నాన్న ఆదివారమంతా పైకప్పు మీద గడిపితే, అక్క రాత్రంతా మేలుకుంటే, బీబీసీ టూని ఆ ఇంట్లో మొదట చూసినవాడు వాడు. జీవితాంతం చెప్పుకున్నాడట. వాళ్ల పెళ్లిళ్లలో, క్రిస్మస్ భోజనాల దగ్గర, ఎప్పుడు అక్కతో గొడవొచ్చినా "ముందు చూసింది నేను" అనేవాడట. మూడేళ్ల క్రితం పోయాడు. ఆస్పత్రిలో కూడా ఒకసారి అన్నాడని చెప్పి ఆవిడ నవ్వారు, నవ్వుతూనే...

సరే. ఆ సాయంత్రం సంగతి చెప్తాను, అది మంచి సంగతి. మళ్లీ అందరూ కూర్చున్నారు, అమ్మ మళ్లీ ఆ గౌనే వేసుకుంది. ఏడూ ఇరవై. తెర మీద ఒక కొవ్వొత్తి వెలుగుతోంది, అంతే, ఇంకేం లేదు. ఎవరికీ ఊపిరాడలేదట, మళ్లీ పోయిందనుకున్నారు. అప్పుడు డెనిస్ టుయీ కనబడి ఆ కొవ్వొత్తిని ఉఫ్ మని ఊదాడు. దీపాలు వెలిగాయి! నాన్న తొడ చరుచుకుని నవ్వారట, అంతలా నవ్వడం ఆవిడ మళ్లీ చూడలేదట. ముందురోజు అనుకున్నవి చాలావరకు ఆ రాత్రి వేశారు, అమ్మ నాటకంతో సహా. బాణసంచా చూశారా అని అడిగితే ఆవిడకి గుర్తులేదు, కొవ్వొత్తి తర్వాత ఏదీ అంత గుర్తులేదన్నారు.

ఎంత తెలివిరా ఆ కొవ్వొత్తి! మన దూరదర్శన్ వాళ్లు కూడా "అంతరాయానికి చింతిస్తున్నాం" అని బోర్డు పెట్టి వదిలెయ్యకుండా ఒక్కసారైనా ఇలా చేసి ఉంటే. ఆ బోర్డు ముందు మనం ఎన్ని గంటలు కూర్చున్నామో లెక్క వేస్తే ఒక డిగ్రీ చదవొచ్చు. తర్వాత మూడేళ్లకి, 1967 జూలై 1న వింబుల్డన్ టెన్నిస్‌తో రంగుల టీవీ మొదలుపెట్టింది కూడా ఈ బీబీసీ టూయే, యూరప్‌లోనే మొదట. బామ్మగారింట్లో రంగులు చాలా ఆలస్యంగా వచ్చాయి, నాన్న అప్పటికి... అది ఇంకో కథ.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది. ఆవిడ వాళ్ల నాన్న గురించి చెప్తున్నంతసేపూ నాకు మీ నాన్నగారే కనబడ్డారు. ఆ ఆదివారం గుర్తుందా, లంకా దహనం రోజు? మీ వరండాలో సగం ఊరు, కిటికీలకి వేలాడుతూ మిగతా సగం. హనుమంతుడి తోకకి గుడ్డలు చుడుతున్నారు, నూనె పోస్తున్నారు, కరెంటు పోయింది. అందరూ ఒక్కసారి అయ్యో అన్న ఆ చప్పుడు! మామయ్య ఒక్క మాట మాట్లాడలేదు. పంచె ఎగ్గట్టి, దొడ్లోకి వెళ్లి, ట్రాక్టరుకున్న బ్యాటరీ ఊడదీసి, భుజాన వేసుకుని తెచ్చారు. తెల్లచొక్కా నిండా నల్లటి మరకలు. ఆ చిన్న సెట్టుకి వైర్లు తగిలించగానే బొమ్మ వచ్చింది, అప్పటికి లంక సగం కాలిపోయింది. ఎవరు చప్పట్లు కొట్టారు? హనుమంతుడికా? కాదు, మామయ్యకి. నేను అప్పుడు అనుకున్నాను, పెద్దయితే ఇలాంటి మనిషినవ్వాలి అని. ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. కిందటేడు ఆయన పోయినప్పుడు టికెట్టు దొరక్క రాలేకపోయాను, నువ్వు ఏమీ అనలేదు, అనకపోవడమే నాకు ఇంకా...

ఈ సంగతి బామ్మగారికి చెప్పాను, బ్యాటరీ సంగతి. ఆవిడ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లలా విన్నారు. మొత్తం విని, "మా నాన్నకి ట్రాక్టరు ఉండి ఉంటే ఆ రాత్రి దాన్ని షెపర్డ్స్ బుష్ దాకా తోలుకెళ్లేవారు" అన్నారు. తర్వాత ఒకటి అడిగారు, నేను మాటిచ్చేశాను, అది నువ్వే చెయ్యాలి. ఆ టీవీ చూడాలట ఆవిడకి. షట్టరు తలుపులున్న మీ టీవీ ఇంకా అటక మీద ఉందా? ఉంటే దింపి, దుమ్ము తుడవకుండానే ఒక ఫొటో తీసి పంపు. అత్తయ్యని అడుగు, పారెయ్యలేదనే అనుకుంటున్నాను. పక్కన మామయ్య ఫొటో కూడా

పెద్దది స్టేషన్ నుంచి ఫోన్ చేస్తోంది, వానట, గొడుగు లేదట. కారు తీసుకుని వెళ్లాలి. రేపు పొద్దున ఇది పోస్టు చెయ్యకపోతే మళ్లీ నెల పడుతుంది, అందుకే ఇక్కడితో అంటించేస్తున్నాను. బ్యాటరీ ఏ కంపెనీదో కూడా కనుక్కో, ఆవిడ అడిగారు.

నీ
గోలగాడు